పాట ఎక్కడ ఆగాలి? ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ కథ

పిల్లలూ, మీ ఫోన్లో ఉన్న పాటల్లో ఏదైనా ఒకటి తీసి అది ఎన్ని నిమిషాలుందో చూడండి. మూడు నిమిషాలా? నాలుగా? తెలుగు సినిమా పాటైతే ఐదు దాకా ఉండొచ్చు. ఇప్పుడు ఒకే పాట ఇరవై మూడు నిమిషాల పాటు సాగితే ఎలా ఉంటుందో ఊహించండి. అంతసేపూ మాటలుండవు. గాయకుడు కొంచెం పాడి పక్కకు తప్పుకుంటాడు. ఆ తర్వాత గిటార్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, డ్రమ్ములు వాటిని తరుముతాయి. ఒక్కోసారి అన్నీ ఆగిపోయినంత నెమ్మదిస్తాయి. పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టబోతామా, మళ్లీ లేస్తుంది.

ఇలా వాయించేవాళ్లను అమెరికాలో 'జామ్ బ్యాండ్' అంటారు. ఇక్కడ జామ్ అంటే రొట్టె మీద పూసుకునేది కాదు! నలుగురూ కూర్చుని, ముందుగా రాసుకోకుండా, అప్పటికప్పుడు కల్పించి వాయించడాన్ని జామ్ చెయ్యడం అంటారు. మన కర్ణాటక సంగీతంలో దీనికి చక్కని మాట ఉంది: మనోధర్మం. కృతి త్యాగరాజుగారిదే కావచ్చు, కానీ ముందు చేసే రాగాలాపన, మధ్యలో వేసే స్వరకల్పన ఆ రోజు పాడేవారి సొంతం. నిన్న పాడినట్టు ఇవాళ ఉండదు. మీలో ఎవరైనా వీణో, వయొలినో, మృదంగమో నేర్చుకుంటుంటే ఈ పాఠం ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది.

ఈ పాఠంలో మనం చదవబోయేది ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ అనే బృందం గురించి. పేరు చూసి అందరూ అన్నదమ్ములే అనుకోకండి. ఆరుగురిలో ఇద్దరే అన్నదమ్ములు.

అన్న, తమ్ముడు, ఒక మందుసీసా

అన్న డ్వేన్ 1946లో, తమ్ముడు గ్రెగ్ 1947లో టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో పుట్టారు. గ్రెగ్‌కి రెండేళ్లు నిండిన కొద్ది రోజులకే, 1949 క్రిస్మస్ మర్నాడు, వాళ్ల నాన్న హత్యకు గురయ్యారు. దారిలో లిఫ్ట్ అడిగినవాడిని కారెక్కించుకుంటే వాడే చంపేశాడు. అమ్మ ఒంటరిగా ఇద్దరినీ పెంచింది. తర్వాత వాళ్లు ఫ్లారిడాలో సముద్రం ఒడ్డున ఉన్న డేటోనా బీచ్‌కి మారారు. ఇద్దరూ గిటార్ పట్టింది చిన్నప్పుడే. స్కూలు వయసులోనే బ్యాండ్లు పెట్టారు. లాస్ ఏంజెలెస్ వెళ్లి 'అవర్ గ్లాస్' అనే పేరుతో రెండు రికార్డులు కూడా చేశారు. కానీ అక్కడి కంపెనీ వాళ్లకు నచ్చిన పాటలు కాక, తనకు నచ్చిన పాటలు చేయించింది. ఆ రికార్డులు పెద్దగా ఆడలేదు.

ఇక్కడే మందుసీసా కథ వస్తుంది. గ్రెగ్ తర్వాతి రోజుల్లో చెప్పుకున్న సంగతి ఇది. డ్వేన్ పుట్టినరోజుకు ఒంట్లో బాగాలేదు, జలుబు. తమ్ముడు ఒక జలుబు మాత్రల సీసా, తాజ్ మహల్ అనే బ్లూస్ గాయకుడి రికార్డు కొనిచ్చాడు. అవును, ఆ గాయకుడు తనకు పెట్టుకున్న పేరు మన తాజ్ మహలే! ఆ రికార్డులో గిటార్ తీగల మీద ఏదో జారుతున్నట్టుండే శబ్దం డ్వేన్‌కి నచ్చింది. సీసాలో మాత్రలు పారబోసి, లేబుల్ కడిగేసి, ఖాళీ సీసాను వేలికి తొడుక్కుని తీగల మీద జార్చి చూశాడు. తర్వాత చాలామంది గిటారిస్టులు అదే రకం సీసా కోసం వెతుక్కున్నారు.

దీన్ని 'స్లైడ్' వాయించడం అంటారు. మామూలుగా గిటార్ మీద వేలు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు గెంతుతుంది. స్లైడ్‌తో అయితే రెండు మెట్ల మధ్య ఉన్న దారంతా వినిపిస్తుంది, మనిషి గొంతులాగా. మన చిత్రవీణ వాయించేవారు కూడా తీగల మీద ఒక కడ్డీని జారుస్తూ గమకాలు పలికిస్తారు. ఆ వాద్యాన్నే గోటువాద్యం అని కూడా అంటారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని విని చూడండి.

బ్లూస్ అంటే?

డ్వేన్ వాయించినదంతా బ్లూస్ నుంచి వచ్చింది కాబట్టి ఈ మాట తెలియకుండా ముందుకు వెళ్లలేం. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసలుగా బతికినవారి పిల్లలు, మనవలు పత్తి పొలాల్లో, రైలుపట్టాల పనుల్లో, జైళ్లలో పాడుకున్న పాటల నుంచి పుట్టిన సంగీతం బ్లూస్. సాధారణంగా ఒక మాట చెబుతారు, అదే మాట మళ్లీ చెబుతారు, మూడోసారి దానికి జవాబు చెబుతారు.

దాని కట్టుబాటు చాలా సులువు. మన భాషలో చెప్పాలంటే మూడు స్వరాల మీద ఇల్లు కట్టినట్టు: స, మ, ప. మొత్తం పన్నెండు గదులనుకోండి. మొదటి నాలుగు గదుల్లో 'స' మీద ఉంటాం. రెండింటిలో 'మ' మీద, మళ్లీ రెండింటిలో 'స' మీద. తర్వాత ఒకదానిలో 'ప', ఒకదానిలో 'మ', చివరి రెండింటిలో ఇంటికి, అంటే 'స'కి వచ్చేస్తాం. మళ్లీ మొదలు. అందరికీ ఈ దారి తెలుసు కాబట్టే ముక్కూమొహం తెలియని ఇద్దరు వాయిద్యకారులు కూడా వెంటనే కలిసి వాయించగలరు. దారి తప్పుతామనే భయం లేనివాడే ధైర్యంగా పక్కదారులు పట్టగలడు కదా!

మేకన్‌లో ఆరుగురు

1969 మార్చిలో ఫ్లారిడాలోని జాక్సన్‌విల్‌లో డ్వేన్ కొందరిని పోగుచేశాడు. బేస్ గిటార్‌కి బెర్రీ ఓక్లీ. రెండో గిటార్‌కి డికీ బెట్స్. డ్రమ్ములకు బుచ్ ట్రక్స్, జేమో. ఒక బ్యాండుకి ఇద్దరు డ్రమ్మర్లెందుకని అడుగుతారేమో. బుచ్ రైలింజన్‌లాగా తిన్నగా, ఆగకుండా నడిపిస్తాడు. జేమోది జాజ్ చెయ్యి. ఆ నడకకు చుట్టూ అల్లికలు అల్లుతాడు, ఉండాల్సిన చోట దెబ్బ వెయ్యకుండా ఊరిస్తాడు. మన కచేరీలో మృదంగం, ఘటం రెండూ ఉంటే ఎవరూ "రెండెందుకు" అని అడగరు కదా, అలాగే ఇది. అందరూ కుదిరాక, పాడడానికి, ఆర్గాన్ వాయించడానికి లాస్ ఏంజెలెస్ నుంచి తమ్ముడు గ్రెగ్‌ని రప్పించారు. ఆరుగురూ కలిసి మొట్టమొదట సాధన చేసిన పాట మడ్డీ వాటర్స్ పాడిన పాత బ్లూస్ పాట 'ట్రబుల్ నో మోర్'. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, పాఠం చివర్లో పని పడుతుంది.

కొద్ది రోజులకే వాళ్లు జార్జియాలోని మేకన్ ఊరికి మకాం మార్చారు. వాళ్ల మేనేజర్ ఫిల్ వాల్డెన్‌ది ఆ ఊరే. జేమో అంతకుముందు ఒటిస్ రెడింగ్ అనే గొప్ప గాయకుడి బృందంలో డ్రమ్స్ వాయించినవాడు. ఒటిస్ పెరిగింది కూడా మేకన్‌లోనే.

ఇప్పుడొక సంగతి జాగ్రత్తగా చదవండి. జేమో నల్లజాతివాడు, మిగిలిన ఐదుగురూ తెల్లవాళ్లు. ఇవాళ మీకిది మామూలు విషయం. అప్పుడు కాదు. దక్షిణాదిలో హోటళ్లలో, సినిమాహాళ్లలో నల్లవారిని వేరుగా ఉంచకూడదని చట్టం వచ్చింది 1964లో. అప్పటికి ఐదేళ్లే అయింది. మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపి ఒక్క ఏడాది. చట్టం మారినంత త్వరగా మనుషుల చూపులు మారవు. అలాంటి చోట ఈ ఆరుగురూ ఒకే ఇంట్లో ఉండి, ఒకే వ్యాన్‌లో తిరిగి, ఒకే వేదిక మీద వాయించారు. పొడుగు జుట్ల తెల్లకుర్రాళ్లు, వాళ్ల మధ్య జేమో! దాని గురించి వాళ్లు ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. నాకు అదే నచ్చుతుంది.

చేతిలో డబ్బుల్లేవు. మేకన్‌లో హెచ్ అండ్ హెచ్ అనే చిన్న హోటల్ ఉండేది. నడిపేది ఇద్దరు నల్లజాతి ఆడవాళ్లు. వాళ్లలో లూయీస్ హడ్సన్‌ని అందరూ 'మామా లూయీస్' అనేవారు. ఒకరోజు ఈ కుర్రాళ్లందరూ వచ్చి రెండు ప్లేట్లే చెప్పి పంచుకోబోయారు. సంగతి గ్రహించి ఆవిడ అందరికీ కడుపునిండా వేయించిన చికెన్, కూరలు పెట్టారు. డబ్బులు తర్వాతే అన్నారు. బ్యాండుకు మంచిరోజులు వచ్చాక వాళ్లు బాకీ తీర్చడమే కాదు, ఆవిడని తమతో పాటు టూర్‌కి కూడా తీసుకెళ్లారు.

తకిట తకిట తకిట తక

గ్రెగ్ ఈ బ్యాండులో చేరిన తొలిరోజుల్లో ఒక రాత్రి ఉన్నట్టుండి పాట తట్టింది. చీకట్లో కాగితం లేదు, పెన్ను లేదు. అగ్గిపుల్లలు గీసి ఆర్పి, ఆ మసితో ఇస్త్రీ బల్ల మీది గుడ్డ మీద రాసేశాడు. అదే 'విప్పింగ్ పోస్ట్'. ఆ పేరుకు అర్థం కొరడాదెబ్బల స్తంభం. ఒకప్పుడు బానిసలను స్తంభానికి కట్టి కొట్టేవారు. ప్రేమలో మోసపోయినవాడు తన బాధను ఆ స్తంభంతో పోల్చుకుంటాడు.

ఆ పాట మొదట్లో బెర్రీ బేస్ మీద వాయించే ముక్కలో పదకొండు లెక్కలుంటాయి. పాశ్చాత్య సంగీతంలో ఎక్కువగా నాలుగు, లేదా మూడు. పదకొండు చాలా అరుదు. గ్రెగ్‌కి అది పదకొండని కూడా తెలియదు, అన్న లెక్కపెట్టి చెప్పేదాకా! గ్రెగ్ తన మనసులో మూడు మూళ్లు, ఆ మీద ఒక రెండు అనుకుంటూ వాయించాడంతే. మన పిల్లలకు ఇది చిటికెలో పని. చప్పట్లు కొడుతూ గట్టిగా అనండి:

తకిట తకిట తకిట తక, తకిట తకిట తకిట తక

మూడు, మూడు, మూడు, రెండు. పదకొండు! నాలుగుసార్లు అనేసరికి ఏదో వెనక నుంచి తోస్తున్నట్టు, ఊపిరి అందనట్టు అనిపిస్తుంది. చివరి 'తక' దగ్గర ఒక దెబ్బ తక్కువ కావడం వల్లే ఆ తొందర.

ఇంకో తేడా కూడా చెప్పాలి. మన కచేరీలో ఇద్దరు కలిసి పాడితే ఇద్దరూ ఒకే స్వరం పాడతారు. డ్వేన్, డికీ కలిసి ఒక వరుస వాయించేటప్పుడు ఒకరు 'స' మీద ఉంటే ఇంకొకరు 'గ' మీద ఉంటారు. వరుస ఒకటే, ఎత్తు వేరు. రెండు పక్షులు కొంచెం ఎడంగా ఒకేలా ఎగిరినట్టు. దీన్ని హార్మనీ అంటారు. తర్వాత వచ్చిన ఎన్నో రాక్ బృందాలు ఈ జంటగిటార్ల పద్ధతిని అందుకున్నాయి.

రోడ్డు

మొదటి రికార్డు 1969 నవంబరులో వచ్చింది, రెండోది 1970లో. రెండూ ఎక్కువగా అమ్ముడుపోలేదు. అప్పుడేం చేశారు? వ్యాన్ ఎక్కారు. 1970లో ఏడాదికి మూడు వందల దాకా కచేరీలు చేశారు. అంటే ఏడాదిలో ఐదు వంతుల్లో నాలుగు వంతుల రాత్రులు వేదిక మీదే. కాలేజీలు, చిన్న క్లబ్బులు, అట్లాంటాలోని పీడ్‌మాంట్ పార్కులో ఉచితంగా. మిగిలిన సమయమంతా ప్రయాణం, సామాను దించడం, ఎక్కించడం. ఎవరి ఇంట్లోనో చిన్న బిడ్డ నాన్న మొహం చూడక వారాలు గడిచేవి. మీ నాన్న పని మీద ఊళ్లు తిరిగే మనిషైతే ఈ సంగతి మీకే బాగా తెలుస్తుంది.

అదే ఏడాది ఎరిక్ క్లాప్టన్ అనే ప్రసిద్ధ ఇంగ్లీషు గిటారిస్టు డ్వేన్‌ని పిలిచి తన 'లైలా' రికార్డులో వాయింపించుకున్నాడు. అంత పేరున్నవాడు పిలిచాక చాలామంది అక్కడే ఉండిపోయేవారు. డ్వేన్ తన వ్యాన్ దగ్గరికే తిరిగి వచ్చాడు.

రోజూ రాత్రి కలిసి వాయిస్తూ వాయిస్తూ ఒకరి మనసు ఒకరికి ముందే తెలిసే స్థితికి వచ్చారు. అది గదిలో కూర్చుని చేసే రికార్డులో రావడం లేదు. కాబట్టి జనం ముందు వాయిస్తుండగానే రికార్డు చేద్దామనుకున్నారు. 1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ అనే హాలులో ఆ పని చేశారు. రికార్డింగ్ చూసుకున్నది టామ్ డౌడ్. ఆయన కుర్రతనంలో అణుబాంబు తయారుచేసిన మన్‌హాటన్ ప్రాజెక్టులో పనిచేసిన మనిషి. ఆ తర్వాత సంగీతానికి వచ్చేశాడు. ఎంత మంచి పని చేశాడో! మొదటి రాత్రి బ్యాండు బూరలు ఊదేవాళ్లను కూడా వేదిక ఎక్కించింది. డౌడ్ మొహమాటపడకుండా వద్దన్నాడు, డ్వేన్ విన్నాడు.

రెండు పెద్ద ఎల్పీ ప్లేట్లు. పాటలు మాత్రం ఏడే! అందులో 'విప్పింగ్ పోస్ట్' ఒక ప్లేటుకి ఒక వైపంతా ఆక్రమించింది. మన ఇరవై మూడు నిమిషాల పాట అదే. మొదటి రికార్డులో ఐదు నిమిషాలున్న పాట రోడ్డు మీద తిరిగి తిరిగి అంత పెరిగింది. అట్ట మీద బొమ్మ కూడా చూడదగ్గది. ముందువైపు తమ సామాన్ల పెట్టెల మధ్య బ్యాండు కూర్చుంటే, వెనకవైపు ఆ పెట్టెలు మోసే పనివాళ్ల ఫోటో వేశారు. సాధారణంగా వాళ్ల పేర్లు కూడా ఎవరికీ తెలియవు. ఈ రికార్డుకే బ్యాండుకు పేరొచ్చింది. 2004లో అమెరికా ప్రభుత్వపు గ్రంథాలయం, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, దాన్ని భద్రపరచవలసిన రికార్డుల జాబితాలో చేర్చింది.

రెండు అక్టోబరు, నవంబరులు

1971 అక్టోబరు 29న మేకన్‌లో డ్వేన్ మోటార్‌సైకిల్ మీద వెళ్తుండగా ప్రమాదం జరిగింది. అదే రోజు పోయాడు. 24 ఏళ్లు. రికార్డు బాగా అమ్ముడవుతోందన్న కబురు వచ్చింది కూడా ఆ నెలలోనే. అంత్యక్రియల్లో మిగిలిన ఐదుగురూ వాయించారు. ఏడాది తిరిగాక, 1972 నవంబరు 11న బెర్రీ ఓక్లీ కూడా మోటార్‌సైకిల్ ప్రమాదంలోనే పోయాడు. అన్నీ ఒకే ఊళ్లో, మొదటి ప్రమాదం జరిగిన చోటికి మూడు వీధుల దూరంలో. అతనికీ 24 ఏళ్లే. ఇద్దరినీ ఓక్‌మల్గీ నది ఒడ్డున ఉన్న రోజ్ హిల్ శ్మశానంలో పక్కపక్కన పాతిపెట్టారు. పాత రోజుల్లో ఆ కుర్రాళ్లు వెళ్లి కూర్చునే చోటే అది. డికీ అక్కడ ఒక సమాధిరాయి మీద చూసిన పేరునే తన పాటకు పెట్టాడు, 'ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్' అని.

మీరైతే ఏం చేసేవారు? ఆపేసేవారా? వాళ్లు డ్వేన్ పోయిన నెల తిరగకముందే మళ్లీ వేదిక ఎక్కారు, అతని చోట ఇంకో గిటారిస్టును పెట్టుకోకుండా. తప్పో ఒప్పో నేను చెప్పలేను. బాధలో ఉన్నవాళ్లకు చేతికి పని కావాలి. వీళ్లకు తెలిసిన పని అదొక్కటే.

1973లో వచ్చిన 'బ్రదర్స్ అండ్ సిస్టర్స్' అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. అందులో 'జెసికా' అనే మాటల్లేని పాట ఉంది. డికీ తన చిన్నారి కూతురి పేరు పెట్టాడు. ఇంగ్లండులో ఉన్న పిల్లలకు అది విన్న వెంటనే "ఇది టాప్ గేర్ కదా!" అనిపిస్తుంది. బీబీసీ కార్ల కార్యక్రమం మొదట్లో వచ్చిన సంగీతం అదే మరి. ఆ ఏడాది జూలైలో న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్‌లో వీళ్లూ, గ్రేట్‌ఫుల్ డెడ్, ది బ్యాండ్ అనే మరో రెండు బృందాలూ కలిసి వాయిస్తే ఆరు లక్షల మంది దాకా వచ్చారని అంచనా.

డబ్బు వచ్చింది. దాంతోపాటు మత్తుమందులూ వచ్చాయి. దాచడం ఎందుకు, వాళ్లను బాగా దెబ్బతీసినవి అవే. బ్యాండులో పనిచేసే ఒకాయన మీద మత్తుమందుల కేసు నడిచింది. గ్రెగ్ కోర్టులో అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. మిగిలినవాళ్లు అది ద్రోహం అన్నారు. 1976లో విడిపోయారు. కొన్నాళ్లకు కలిశారు, 1982లో మళ్లీ విడిపోయారు.

మేనల్లుడు కాదు, కొడుకు వరస

1989లో మూడోసారి కలిసినప్పుడు మాత్రం పాతికేళ్లు నిలిచారు. వారెన్ హేన్స్ అనే కొత్త గిటారిస్టు వచ్చాడు. న్యూయార్క్‌లోని బీకన్ థియేటర్‌లో దాదాపు ఏటా మార్చి నెలలో వరసగా కచేరీలు చెయ్యడం అలవాటైంది. మనకు ఉగాది వచ్చినట్టు వాళ్ల అభిమానులకు బీకన్ వచ్చేది. 2000లో మాత్రం డికీని మిగిలినవాళ్లు పక్కనబెట్టారు. అతను మళ్లీ వాళ్లతో వాయించలేదు.

1999లో డెరెక్ ట్రక్స్ చేరాడు. డ్రమ్మర్ బుచ్‌కి ఇతను 'నెఫ్యూ' అని ఇంగ్లీషులో రాస్తారు. తెలుగులో అలా కుదరదు. అక్కాచెల్లెళ్ల కొడుకైతే మేనల్లుడు, అన్నదమ్ముల కొడుకైతే కొడుకు వరస. బుచ్‌కి డెరెక్ రెండో వరస, అంటే పిల్లవాడు బుచ్‌ని పిలవాల్సింది బాబాయి అనో పెదనాన్న అనో. ఇరవయ్యేళ్ల కుర్రాడు, డ్వేన్ పోయిన ఏడేళ్ల తర్వాత పుట్టినవాడు, డ్వేన్ స్లైడ్ వాయించిన చోట నిలబడ్డాడు. అతనికి డెరెక్ అని పేరు పెట్టింది కూడా డ్వేన్ వాయించిన ఆ 'లైలా' రికార్డు బృందం పేరు మీదే, 'డెరెక్ అండ్ ది డామినోస్'. ఇతనికి మన సరోద్ విద్వాంసుడు ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ సంగీతమంటే ప్రాణం. సరోద్‌కి మెట్లుండవు, స్వరాలు జారుతూ వస్తాయి. డెరెక్ స్లైడ్ వింటుంటే కొన్నిచోట్ల 'ఇది మన ఆలాపనలా ఉందే' అనిపిస్తే అది మీ భ్రమ కాదు.

చివరి కచేరీ 2014 అక్టోబరు 28న బీకన్‌లోనే జరిగింది. ఎవరూ లేవలేదు. అర్ధరాత్రి దాటింది. క్యాలెండరులో తేదీ మారి అక్టోబరు 29 అయింది. డ్వేన్ పోయి సరిగ్గా నలభై మూడేళ్లు. ఒంటిగంట దాటాక గ్రెగ్, బుచ్, జేమో, మిగిలినవాళ్లు ఇంకొక్క పాట వాయించారు. 1969లో ఆరుగురూ కలిసిన రోజు మొట్టమొదట సాధన చేసిన పాట, 'ట్రబుల్ నో మోర్'.